తొమ్మిదో గది దగ్గు

మోర్స్ దీవిలో నవంబరు.
మధ్యాహ్నం మూడున్నరకే దీపాలు వేస్తారు.
పందుల దగ్గరికి వెళ్లాలంటే ముందు స్నానం,
తర్వాత ఎవరివో నీలం బట్టలు,
ఎవరి పాదానికో అరిగిన బూట్లు.
లోకాన్ని గుమ్మంలోనే కడిగేసి రావాలి.
సిగ్‌రిడ్ ముప్పై ఏళ్లుగా కడుక్కుంటోంది.
ఇవాళ తొందరలో సబ్బు సరిగా వదల్లేదు,
చెవి వెనక జిడ్డుగా ఉంది.

గోడకు ఇటు ఎనిమిదో గది, అటు తొమ్మిదోది.
ఒకే దాణా, ఒకే ఫ్యాను, ఒకే గొట్టంలో నీళ్లు.
జ్వరమూ ఒకటే.
రెండు కాగితాల మీదా ఒకే వైరస్ పేరు,
అక్షరం తేడా లేదు.
ఎనిమిదిలో పిల్లలు మూడు రోజులు ముడుచుకు పడుకుని
నాలుగో రోజు తొట్టి దగ్గర తోసుకున్నాయి.
తొమ్మిదిలో
కుక్కల్లా కూర్చుని, నోళ్లు తెరిచి,
డొక్కలతో గాలిని తోడుకుంటున్నాయి.

"గోడ కూడా ఒకటే కదా," అన్నాడు అస్గెర్.
ఇంకేం అనాలో అతనికి తెలియలేదు.
చచ్చిన ఏడింటినీ తోపుడుబండిలో వేసి,
టార్పాలిన్ కప్పి, నాలుగు మూలలూ సర్ది,
గాలి లేకపోయినా మళ్లీ సర్దాడు.

డోయినా పిల్లను ఒడిసి పట్టుకుంది.
సిగ్‌రిడ్ దూదిపుల్లను ముక్కులోకి పోనిచ్చి
మూడుసార్లు తిప్పింది.

ముక్కంటే రెండు బొక్కలనుకుంటాం.
అదొక పేట.
పుట్టిన గంటలోనే, తల్లి మూతి తగిలినప్పుడే,
కాపురాలు దిగుతాయి.
గొలుసుగా చేతులు పట్టుకున్నవాళ్లు,
ద్రాక్షగుత్తిలా మూగినవాళ్లు,
చుట్టూ గోడైనా లేకుండా ఒళ్లు ఆరేసుకున్నవాళ్లు.
మంచివాళ్లని చెప్పలేం, చెడ్డవాళ్లనీ చెప్పలేం.
అద్దె కట్టరు, అంతే.

వైరస్ వచ్చేసరికి దాని ముల్లు మూసుకునే ఉంటుంది.
ఎవరో ఒకరు సరిగ్గా ఒక్క చోట కొరకాలి,
అప్పుడు గానీ కణం తలుపు తీయలేదు.
కొరికిన పళ్లు పందివే కావచ్చు,
ద్రాక్షగుత్తివాళ్లు అరువిచ్చినవీ కావచ్చు.
ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు.
మరి బయటి దొంగకు
కత్తెర అందించిన ఇంటివాణ్ణి?

గోడలేని వాళ్లు చేసేది ఇంకో పని.
ఊపిరి గొట్టంలో ఎడతెగక ఊడ్చే సన్నటి చీపుర్లను
ఒక్కో పుల్లా రాల్చేస్తారు.
చెత్త అక్కడే ఉండిపోతుంది. వచ్చినవాడూ ఉండిపోతాడు.

గొలుసువాళ్ల సంగతే తేలదు.
వాళ్ల చొక్కాకు చక్కెర అంచు.
కణం వాకిట్లో ఉండే చక్కెరే.
వైరస్ ఇల్లు దొరికిందనుకుని ఆ చొక్కాను కరుచుకుంటుంది.
ఒక్కోసారి అక్కడే చిక్కి లోపలికి చేరదు.
ఒక్కోసారి ఇద్దరూ కలిసే దిగుతారు, ఇంకా లోతుకు.

నాలుగో రోజు సాయంత్రం పళ్లేల మూతలు తీసింది.
తొమ్మిదిలో ద్రాక్షగుత్తులు, విరివిగా.
"దొరికావు," అనుకుంది.
తర్వాత ఎనిమిది పళ్లెం తీసింది.
అవే గుత్తులు. అదే పసుపు.
గొలుసులు మాత్రం ఎనిమిదిలో ఎక్కువ.
కాపాడింది ఆ గొలుసులా,
కాపాడబడిన చోట తీరిగ్గా పెరిగాయా?
అదే జాతిలో అందరూ కొరకరేమో.
రెండు గదులతో ఏం రుజువవుతుంది?
కాఫీ చల్లారింది. అలాగే తాగేసింది.

అస్గెర్‌కు ఫోన్‌లో ఏం చెప్పాలి?
"ఒకే వాన రెండు పొలాల మీద ఒకేలా పడదు," అంది.
"నా పొలం సంగతి నాకు తెలుసు," అన్నాడతను.
కాసేపు ఇద్దరూ ఫోన్ పట్టుకునే ఉన్నారు.

మర్నాడు బట్టలు మార్చుకునే గదిలో
డోయినా బెంచీ అంచున కూర్చుని ఉంది.
"పిల్లలకు జ్వరం రాకముందు వారం
నాకు జలుబు చేసింది," అంది నేల చూస్తూ.
"సెలవు అడగలేదు.
నాకు రెండు రోజుల్లో తగ్గిపోయింది."

సిగ్‌రిడ్ సంచి తెరిచింది.
ఒక దూదిపుల్ల డోయినా ముక్కుకు,
ఒకటి తన ముక్కుకు.
ఇద్దరికీ కళ్లలో నీళ్లొచ్చాయి,
ముక్కులో పుల్ల తిప్పితే ఎవరికైనా వస్తాయి.
గొట్టాల మీద తేదీ రాసింది.
గది నంబరు రాయాల్సిన చోట
పెన్ను కాసేపు ఆగింది.